చిన్నపిల్లల ఓపీలో పోస్టింగ్: హౌస్ సర్జన్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ఆసుపత్రుల్లో చిన్నపిల్లల విభాగానికి పోస్టింగ్ పడిన హౌస్ సర్జన్ల (ఎంబీబీఎస్ చివర ఇంటర్న్‌షిప్ చేసేవాళ్ళ) కోసం ఈ పేజీ. పెద్దవాళ్ళ వార్డుల్లో నెలల తరబడి పనిచేసి వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ మొదటి వారం తడబడతారు. రోగికి మాటలు రావు, ముట్టుకుంటే ఏడుస్తాడు, డోసు బిడ్డబిడ్డకీ మారుతుంది, వెంట వచ్చిన ముగ్గురు పెద్దవాళ్ళు మూడు రకాలుగా చెబుతారు. ఈ బెరుకు పోవడానికి మేము చూసినంతలో ఒకటే దారి ఉంది: ప్రతి బిడ్డనీ మీ చేత్తో మీరే కొలవండి. బరువు, శ్వాస, నాడి, కేశనాళికలు నిండే సమయం (నొక్కి వదిలాక చర్మం రంగు తిరిగి రావడానికి పట్టే సెకన్లు), సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) అంకెల్లో మీ దగ్గర ఉంటే తల్లితో మాట్లాడేటప్పుడూ, పీజీకి (మీ పై డాక్టరుకి) ఫోన్ చేసేటప్పుడూ గొంతు వణకదు.

కింద రాసిన మోతాదులు సాధారణంగా వాడేవి. మీ యూనిట్‌లో ప్రోటోకాల్ చార్టు ఉంటే దాన్నే అనుసరించండి.

మొదటి రోజు జేబులో ఏం ఉండాలి?

సెకన్ల ముల్లున్న గడియారం, పెన్ టార్చి, సాగని కొలత టేపు, జబ్బ చుట్టుకొలత తీసే మ్యూయాక్ టేపు, చిన్న నోట్‌బుక్. పీడియాట్రిక్ స్టెతస్కోపు కొనాల్సిన పని లేదు, ఏడాది లోపు బిడ్డలకి మాత్రం వార్డులోది అడిగి తీసుకోండి. పెద్ద డయాఫ్రం పెడితే గుండె, ఊపిరితిత్తుల శబ్దాలు కలిసిపోయి వినిపిస్తాయి. బిడ్డకీ బిడ్డకీ మధ్య స్పిరిట్ దూదితో తుడవండి. అరచేతిలో రుద్ది కాస్త వెచ్చబడ్డాక ఛాతీ మీద పెట్టండి.

వయసును బట్టి బరువు లెక్క కట్టుకుంటే సరిపోదా? ఓపీ రద్దీలో తూచే టైం ఉండదు కదా.

సరిపోదు. ఏడాది లోపు పిల్లలకి (నెలలు + 9) ÷ 2, ఏడాది నుంచి ఆరేళ్ళ వరకు (వయసు × 2) + 8 అనే సూత్రాలు తూచే వీలే లేని ఎమర్జెన్సీ కోసం పెట్టుకున్నవి. తొమ్మిది నెలల బిడ్డ ఈ లెక్కన 9 కిలోలు ఉండాలి. మీ ముందుకొచ్చిన బిడ్డ ఆరున్నర కిలోలే ఉండవచ్చు. అంచనా మీద మందు రాస్తే ఆ బిడ్డకి దాదాపు 40 శాతం ఎక్కువ పడుతుంది. పైగా బిడ్డకి పోషకాహార లోపం ఉందన్న అసలు సంగతే మీ కంట పడదు.

తూచేటప్పుడు జరిగే పొరపాట్లు ఎప్పుడూ అవే. స్వెటర్, తడి డైపరు, వెండి మొలతాడు, కాలి కడియాలతో సహా తూచడం. మెషీన్ మీద గుడ్డ పరిచాక సున్నా చేయడం మరిచిపోవడం. మిషన్ ఒక కాలు ఎత్తుగా ఉన్న నేల మీద ఉండడం. తల్లిని బిడ్డతో కలిపి తూచి, తల్లి బరువు తీసేసే పద్ధతి పెద్ద పిల్లలకి పరవాలేదు గానీ నెలల బిడ్డకి వద్దు. అక్కడ వంద గ్రాముల తేడా కూడా లెక్కే.

రెండేళ్ళ లోపు పిల్లల పొడవు పడుకోబెట్టి తీయాలి, దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తల పట్టుకుంటే ఇంకొకరు మోకాళ్ళు నొక్కి పాదం పలక జరపాలి. ఒక్కరే తీసిన కొలతను నమ్మకండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు ప్రతి బిడ్డకీ జబ్బ కొలవండి. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే తీవ్ర పోషకాహార లోపం, 11.5 నుంచి 12.5 లోపు ఉంటే మధ్యస్థం. రెండు పాదాల మీదా వేలితో నొక్కితే గుంట పడుతుంటే, బరువు ఎంతున్నా అది తీవ్రమైనదే. అలాంటి బిడ్డను దగ్గు మందు రాసి పంపేయకుండా పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చే విషయం సీనియర్‌తో మాట్లాడండి.

డోసు లెక్కలో భయం పోవడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతుంది?

ఆ భయం కొంత ఉండడమే మంచిది. తప్పులు జరిగే చోట్లు నాలుగైదే, అవి తెలిస్తే చాలావరకు తప్పించుకోవచ్చు.

మొదటిది, సీసాలో మందు గాఢత. పారాసెటమాల్‌నే తీసుకుందాం. డోసు కిలోకి 15 మి.గ్రా., మళ్ళీ ఇవ్వాలంటే కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి, రోజు మొత్తం మీద కిలోకి 60 మి.గ్రా. దాటకూడదు. 8 కిలోల బిడ్డకి 120 మి.గ్రా. సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నదైతే 5 మి.లీ. పోయాలి. 250 మి.గ్రా. ఉన్నదైతే 2.4 మి.లీ. డ్రాప్స్ అయితే 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 1.2 మి.లీ. ఇప్పుడు మీరు చీటీ మీద ఊరికే ‘పారాసెటమాల్ 5 మి.లీ.’ అని రాశారు, మందుల షాపులో డ్రాప్స్ సీసా ఇచ్చారు అనుకోండి. బిడ్డ కడుపులోకి ఒకేసారి 500 మి.గ్రా. వెళుతుంది. అందుకే మందు పేరు, గాఢత, మి.గ్రా., మి.లీ., రోజుకి ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు అన్నీ రాయాలి. వీలైతే సీసా తెప్పించి లేబుల్ చూడండి.

రెండోది, ‘రోజుకి’, ‘డోసుకి’ మధ్య తికమక. న్యుమోనియాకి అమాక్సిసిలిన్ కిలోకి రోజుకి 80 నుంచి 90 మి.గ్రా., దాన్ని రెండుగా పంచి ఇస్తాం. ఆ అంకెను ఒక్క డోసు అనుకుంటే మందు రెట్టింపు అవుతుంది. పుస్తకంలో అంకె పక్కన ఉన్న మాట కూడా చదివి నోట్‌బుక్‌లో రాసుకోండి.

మూడోది చుక్క. సగం అని రాయాలంటే 0.5 అని ముందు సున్నా పెట్టండి. ఐదు అనడానికి 5.0 అని రాయకండి, చుక్క కనబడకపోతే అది 50 అవుతుంది. మైక్రోగ్రాములను పొట్టి అక్షరాల్లో కుదించకుండా పూర్తిగా రాయండి.

ఇక ఇంట్లో జరిగేవి. వంటింటి స్పూన్లన్నీ ఒక కొలతవి కావు, సీసాతో వచ్చిన మూత గానీ సిరంజి గానీ వాడమనాలి. మూత మీద ఏ గీత వరకు పోయాలో పెన్నుతో గుర్తు పెట్టి చూపండి. పొడి రూపంలో వచ్చే యాంటీబయాటిక్‌ని ఎలా కలపాలో నోటితో చెబితే చాలదు. ముందు సీసా కుదిపి పొడి విడిపోయేలా చేసి, కాచి చల్లార్చిన నీళ్ళు గుర్తు కన్నా కొంచెం కిందికి పోసి, బాగా కలిపి, నురగ దిగాక గుర్తు దాకా నింపాలి. నురగ మీదే గుర్తు చూసుకుంటే నీళ్ళు తక్కువపడి మందు చిక్కబడుతుంది. ప్రతిసారీ నీళ్ళు కలిపే తల్లులు కూడా ఉంటారు, అలా అయితే మూడో రోజుకి సీసాలో మందు ఉండదు. చివర్లో “ఏమ్మా, ఇంటికి పోయాక ఎంత పోస్తావు, ఒకసారి చూపించు” అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి అరనిమిషం పడుతుంది, అదే తప్పులన్నీ బయటపెడుతుంది.

నేను దగ్గరికి వెళ్ళగానే బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తాడు. పరీక్ష ఎలా చేయాలి?

బిడ్డను తల్లి ఒడిలోంచి తీయకండి. పెద్దవాళ్ళకి నేర్చుకున్న తల నుంచి పాదాల వరుస ఇక్కడ పనికిరాదు. ఏడుపు మొదలైతే ఏవి పోతాయో అవి ముందు, ఏవి చేస్తే ఏడుస్తాడో అవి చివర.

గదిలోకి వస్తుండగానే చూడడం మొదలుపెట్టండి: చుట్టూ చూస్తున్నాడా, తల్లి భుజం మీద వాలిపోయి ఉన్నాడా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా. తల్లితో మాట్లాడుతూనే చొక్కా పైకెత్తించి శ్వాస లెక్కపెట్టండి. తర్వాత గుండె, ఊపిరితిత్తులు వినండి. ఆ తర్వాత పొట్ట. తొమ్మిది నెలలు దాటిన బిడ్డ కొత్త ముఖాన్ని చూసి భయపడడం మామూలే, కాబట్టి మొదటి నిమిషం కళ్ళలోకి చూడకండి. చెవి, గొంతు ఆఖరున. చెవి చూసేటప్పుడు తల్లి ఒక చేత్తో బిడ్డ తలను తన ఛాతీకి ఆనించి, ఇంకో చేత్తో రెండు చేతులూ కలిపి పట్టుకోవాలి. చంటిబిడ్డకైతే చెవి తమ్మెను కిందికీ వెనక్కీ లాగాలి, పెద్ద పిల్లలకి పైకీ వెనక్కీ.

శ్వాస నిజంగా పూర్తి నిమిషం లెక్కపెట్టాలా? పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే?

పూర్తి నిమిషమే. చిన్నపిల్లల శ్వాస ఒకే లయలో ఉండదు. నెలల బిడ్డలు కొన్ని సెకన్లు ఆపి మళ్ళీ వేగంగా తీస్తారు. పదిహేను సెకన్లలో రెండు శ్వాసలు తప్పితే నిమిషానికి ఎనిమిది తేడా వస్తుంది, న్యుమోనియా అవునా కాదా అన్నది ఆ ఎనిమిది మీదే తేలవచ్చు. రెండు నెలల లోపు 60 లేదా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా ఎక్కువ ఉంటే వేగం ఎక్కువైనట్టు. రెండు నెలల లోపు బిడ్డకి ఎక్కువ వస్తే మరోసారి లెక్కపెట్టి నిర్ధారించుకోండి. ఏడుస్తున్నప్పుడూ, పాలు తాగుతున్నప్పుడూ లెక్కించిన అంకె చెల్లదు.

సీనియర్‌ని ఎప్పుడు పిలవాలి? చిన్నదానికి పిలిచానని కోప్పడతారేమో.

కోప్పడితే కోప్పడనివ్వండి. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలోచించకుండా పిలవాలి:

రెండు నెలల లోపు బిడ్డకి చంకలో 99.5 ఫారన్‌హీట్ లేదా అంతకన్నా ఎక్కువ ఉండడం, లేదా ఒళ్ళు చల్లబడడం, పాలు గానీ నీళ్ళు గానీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, మగతగా ఉండి లేపితే లేవకపోవడం, డొక్కలు లోపలికి పోవడం, మూలుగుతూ ఊపిరి వదలడం, గది గాలిలో సాచురేషన్ 94 కన్నా తక్కువ, ఛాతీ ఎముక మీద ఐదు సెకన్లు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటడం, మాడు ఉబ్బడం, పసిబిడ్డకి పచ్చటి పసరు వాంతి, అద్దంతో అదిమినా చెరిగిపోని ఎర్రటి మచ్చలు, పుట్టిన 24 గంటల్లోపే కామెర్లు.

పట్టికలో లేని కారణం ఇంకొకటి ఉంది. “ఏమోనమ్మా, నా బిడ్డ ఎప్పటిలా లేడు” అని తల్లి అంటే, మీకు ఏ తేడా కనిపించకపోయినా ఇంకొకరిని పిలిచి చూపించండి. ఆ బిడ్డను రోజూ చూసేది ఆమె.

ఫోన్‌లో కేసు చెప్పడం ఎలా?

వయసు, బరువు, ఎన్నాళ్ళ నుంచి, అంకెలు, మీరేం చేశారు, ఏం కావాలి. ఇంతే. ఉదాహరణకి: “సార్, 8 నెలల పాప, 7.2 కిలోలు. మూడు రోజులుగా దగ్గు, రాత్రి నుంచి ఆయాసం. శ్వాస 62, డొక్కలు పోతున్నాయి, సాచురేషన్ 90. పాలు సగమే తాగుతోంది. ఆక్సిజన్ పెట్టించాను. మీరు వచ్చి చూడాలి సార్.” చివరి వాక్యం మింగేయకండి. ‘ఒకసారి చెబుదామని చేశాను సార్’ అంటే అవతలివారు అది సమాచారం అనుకుని ఊరుకుంటారు.

తల్లులు చెప్పే మాటలు నాకు సరిగా అర్థం కావడం లేదు.

ఇంగ్లీషులో చదివి వచ్చినవాళ్ళకి ఇది సహజం. పైగా ఇక్కడికి రాయలసీమ మాట, తమిళం, ఉర్దూ అన్నీ వస్తాయి. ఒక్కో మాట వెనక ఏముందో అడిగి తెలుసుకోండి.

‘డొక్కలెగరేస్తున్నాడు’ అంటే ఛాతీ కింద లోపలికి లాగడం, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ‘పిల్లికూతలు’ అంటే చాలాసార్లు వీజ్ (ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలో వచ్చే ఈల శబ్దం). కానీ ముక్కు మూసుకుపోయిన గురగురని కూడా కొందరు అలాగే చెబుతారు. ఆ శబ్దం చేసి చూపించమనండి, లేదా ఫోన్‌లో వీడియో ఉందేమో అడగండి. ‘కక్కాడు’ అన్నప్పుడు పాలు తాగాక నోటి పక్క నుంచి కారిందా, దూరంగా ఎగిరి పడిందా తేల్చుకోవాలి. ‘బేదులు’ అంటే నీళ్ళ విరేచనాలు. తల్లిపాలు తాగే చంటిబిడ్డ రోజుకి ఏడెనిమిదిసార్లు పలుచగా పోవడం మామూలే, అది బేది కాదు. ‘ఒంటేలు’ అంటే మూత్రం. ఆరు గంటలుగా ఒంటేలుకి పోలేదంటే నీరు తగ్గిందేమో చూడాలి. ‘ఫిట్స్ వచ్చింది’ అన్నది చలిజ్వరం వణుకు కావచ్చు, ఉలికిపాటు కావచ్చు. కళ్ళు పైకి తిప్పాడా, పిలిస్తే పలికాడా, ఎంతసేపు, తర్వాత నిద్రపోయాడా అని అడగండి.

‘అమ్మవారు పోసింది’ అంటే ఆటలమ్మ కావచ్చు, తట్టు కావచ్చు. ఆ మాట అన్నందుకు ఆమెను చిన్నబుచ్చకండి. జ్వరం, దగ్గు, ఎర్రటి కళ్ళతో పాటు చెవుల వెనక, ముఖం మీద మొదలై కిందికి దిగిన దద్దుర్లయితే తట్టు అని అనుమానించి సీనియర్‌కి చెప్పాలి. విటమిన్-ఎ వరుసగా రెండు రోజులు ఇవ్వాలి: ఆరు నెలల లోపు 50 వేల యూనిట్లు, 6 నుంచి 11 నెలల వరకు లక్ష, ఏడాది దాటితే 2 లక్షలు.

నగరి, సత్యవేడు, పుత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళలో తమిళమే మాట్లాడేవాళ్ళు చాలామంది. నాలుగు ప్రశ్నలు నేర్చుకుంటే సగం పని అవుతుంది: జురం ఎత్తన నాళా ఇరుక్కు? పాల్ కుడిక్కుదా? వాంది, బేది ఇరుక్కా? ఒన్నుక్కు పోచ్చా? (జ్వరం ఎన్నాళ్ళ నుంచి? పాలు తాగుతున్నాడా? వాంతి, బేది ఉన్నాయా? ఒంటేలుకి పోయాడా?) జవాబు అర్థం కాకపోతే ఊహించుకోకండి, సిస్టర్‌ని పిలవండి.

అవ్వ తను చేసే నాటువైద్యమే సరైనదంటుంది. ఎలా మాట్లాడాలి?

హాని చేసేవి, చేయనివి వేరు చేసుకోండి. తాయెత్తు, దిష్టిచుక్క జోలికి పోవద్దు. నల్లదారం కోసేస్తే ఆ కుటుంబం మళ్ళీ మీ దగ్గరికి రాదు. గట్టిగా ఆపించాల్సినవి వేరే ఉన్నాయి: ముక్కులో నూనె పోయడం (ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది), పసిబిడ్డకి ఆముదం పట్టడం, కామెర్లకీ ఫిట్స్‌కీ వాతలు పెట్టడం, కళ్ళకి కాటుక, ఏడాది లోపు తేనె నాకించడం, విరేచనాలప్పుడు పాలు మాన్పించడం. “అవ్వా, మీరు ఇంతమందిని పెంచినారు, మీకు తెలీనిదా. ఈ ఒక్కటి మాత్రం వద్దు, ఎందుకంటే…” అని కారణంతో చెప్పండి. ఇంట్లో ఆమె మాటే చెల్లుతుంది కాబట్టి ఓఆర్ఎస్ కలపడం కూడా ఆమెకే నేర్పండి.

విరేచనాల బిడ్డకి సెలైన్ పెట్టమని పట్టుబడతారు. ఏం చెయ్యాలి?

ముందు నీరు ఎంత తగ్గిందో తేల్చండి. చిరాకుగా ఉండడం, కళ్ళు లోపలికి పోవడం, నీళ్ళు చూపగానే ఆత్రంగా తాగడం, పొట్ట చర్మం గిల్లి వదిలితే నెమ్మదిగా వెనక్కి పోవడం: వీటిలో రెండుంటే కొంతమేర తగ్గినట్టు. మగత, కళ్ళు లోపలికి పోవడం, తాగలేకపోవడం, గిల్లిన చర్మం రెండు సెకన్లు దాటినా సర్దుకోకపోవడం: వీటిలో రెండుంటే తీవ్రం. బాగా చిక్కిన బిడ్డలో గిల్లి చూసే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

కొంతమేర తగ్గితే ఓఆర్ఎస్ కిలోకి 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో. 8 కిలోల బిడ్డకి 600 మి.లీ. దాన్ని ఓపీ బెంచీ మీద మీ కళ్ళ ముందే మొదలుపెట్టించండి. నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. గ్లాసుతో పడితే కక్కేస్తాడు, ‘ఓఆర్ఎస్ పడలేదు’ అని ఇంట్లో ఆపేస్తారు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇంకా నిదానంగా. బిడ్డ తాగడం, కళ్ళు తేటపడడం చూశాక సెలైన్ అడిగేవాళ్ళే తగ్గుతారు.

తీవ్రమైతే వెంటనే సీనియర్‌ని పిలిచి సూది పెట్టి కిలోకి 100 మి.లీ. రింగర్ లాక్టేట్ (సిరలోకి ఎక్కించే ఒక రకం లవణ ద్రావణం). ఏడాది లోపు అయితే మొదటి 30 మి.లీ. గంటలో, మిగతా 70 ఐదు గంటల్లో. ఏడాది దాటితే 30 అరగంటలో, 70 రెండున్నర గంటల్లో. తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డకి ఈ లెక్క వాడకూడదు, గుండె తట్టుకోదు.

ఇంటికి పంపేటప్పుడు ప్రతి విరేచనం తర్వాత రెండేళ్ళ లోపు 50 నుంచి 100 మి.లీ., ఆ పైవాళ్ళకి 100 నుంచి 200 మి.లీ. తాగించాలి. జింకు 14 రోజులు: రెండు నుంచి ఆరు నెలల వరకు 10 మి.గ్రా., ఆరు నెలలు దాటితే 20 మి.గ్రా. విరేచనాలు ఆగినా మానకూడదని చెప్పండి, చాలామంది మూడో రోజే ఆపేస్తారు.

పొట్లం సంగతి. లీటరు నీళ్ళకి ఒకటి, 200 మి.లీ.కి ఒకటి అని రెండు సైజులు దొరుకుతాయి. పెద్ద పొట్లం ఒక గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకి ప్రమాదం. చిన్న పొట్లం లీటరులో కలిపితే ప్రయోజనం ఉండదు. అందుకే చేతిలో పెట్టిన పొట్లాన్ని బట్టి గిన్నె కొలత చెప్పండి. కలిపినది 24 గంటల తర్వాత పారబోయాలి. అట్టపెట్టెల్లో తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడుపోయేవి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తల్లి సంచిలో ఏముందో చూడండి.

వానల్లో జ్వరం కేసులన్నీ డెంగీ అనిపిస్తాయి. ఏది చూడాలి?

మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఓపీ నిండేదీ అప్పుడే. ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ తిరగకండి. జ్వరం తగ్గే సమయం, సుమారు మూడు నుంచి ఏడో రోజు మధ్య, అసలు ప్రమాదం. ‘జ్వరం పోయింది గానీ బిడ్డ డల్‌గా ఉన్నాడు’ అని వస్తే ఉలిక్కిపడాలి. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ళ రక్తం, కాలేయం రెండు సెంటీమీటర్లకి మించి తగలడం, ప్లేట్‌లెట్లు పడుతూ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరగడం హెచ్చరికలు. ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు. పారాసెటమాల్ ఒక్కటే.

ఓపీలోనే ఫిట్స్ వస్తే?

టైం చూడండి. బిడ్డను ఎడమ పక్కకి తిప్పండి, నోట్లో చెంచా, వేలు, తాళంచెవి ఏదీ పెట్టనివ్వకండి. ఆక్సిజన్, చక్కెర పరీక్ష, సీనియర్‌కి కబురు ఒకేసారి జరగాలి. ఐదు నిమిషాలు దాటితే, లేదా మీ దగ్గరికి తెచ్చేటప్పటికే కొట్టుకుంటూ ఉంటే, సిరలో సూది దొరికే దాకా ఆగకుండా ముక్కులో మిడజొలాం కిలోకి 0.2 మి.గ్రా. ఒక్కో స్ప్రేకి ఎన్ని మి.గ్రా. పడుతుందో కంపెనీని బట్టి మారుతుంది, సీసా చదవండి.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ మధ్య, జ్వరంతో, ఒళ్ళంతా, 15 నిమిషాల లోపు, 24 గంటల్లో ఒక్కసారే వస్తే మామూలు జ్వరపు ఫిట్స్. అయినా మెడ బిగుసుకుందా, బిడ్డ పూర్తిగా తెలివిలోకి వచ్చాడా చూడకుండా ఆ మాట రాయకండి.

దగ్గు సిరప్ రాయకపోతే తల్లిదండ్రులు ఊరుకోరు.

రాయకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌లు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గు సిరప్ తాగి పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయాక, రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని కేంద్రం మళ్ళీ చెప్పింది. ముక్కులో సెలైన్ చుక్కలు, గోరువెచ్చటి నీళ్ళు, పాలు మానకపోవడం చాలు. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలో చీటీ మీద తెలుగులో రాసివ్వండి. చేతిలో ఆ చీటీ ఉంటే ఉత్తచేతులతో పంపారన్న కోపం తగ్గుతుంది.

టీకా ఆలస్యమైతే మొదటి నుంచి వేయాలా? జలుబుంటే ఆపాలా?

రెండూ అక్కర్లేదు. ఆగిన చోటి నుంచి కొనసాగించాలి, మామూలు జలుబు అడ్డు కాదు. కార్డు చూసే అలవాటు చేసుకోండి, ముఖ్యంగా తొమ్మిది నెలల ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్లు తప్పిపోతుంటాయి. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకి చిన్న పుండు పడడం మామూలే, మందు రాయనక్కర్లేదు. టీకా తర్వాత అరగంట కూర్చోబెట్టండి.

తేలు కాటు కేసులు వస్తాయంటున్నారు. హౌస్ సర్జన్‌గా నేను ఏం చూడాలి?

రాయలసీమ పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో ఇది ప్రాణాంతకం కాగలదు. ఎర్రతేలు విషం శరీరంలో ఆడ్రినలిన్ లాంటి రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేయిస్తుంది. ఒళ్ళంతా చెమట, చల్లబడ్డ కాళ్ళూ చేతులు, వాంతులు, చొంగ, మగపిల్లల్లో అంగం నిక్కబొడుచుకోవడం కనిపిస్తే విషం ఎక్కినట్టే. తర్వాత గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కుట్టిన చోట నొప్పి ఎక్కువగా ఉండి ఒళ్ళు వెచ్చగా ఉంటే సాధారణంగా కాస్త నయం, అయినా గమనింపులో ఉంచాలి.

మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ప్రజోసిన్ (బిగుసుకున్న రక్తనాళాలను సడలించే మందు) చికిత్స ఈ పిల్లల ప్రాణాలు కాపాడింది. మోతాదు కిలోకి 30 మైక్రోగ్రాములు, నోటి ద్వారా. 10 కిలోల బిడ్డకి 300 మైక్రోగ్రాములు, అంటే 0.3 మి.గ్రా. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. మైక్రోగ్రాములను మి.గ్రా. అనుకోవడం ఒకటి. నెమ్మదిగా విడుదలయ్యే ఎక్స్ఎల్ మాత్రను నూరి ఇవ్వడం రెండోది. మామూలు మాత్రే కావాలి. ఇచ్చాక బిడ్డను ఎత్తుకుని తిప్పనివ్వకండి, పడుకోబెట్టే ఉంచాలి, లేకపోతే బీపీ పడిపోతుంది. నాడి, బీపీ, చేతుల వెచ్చదనం, ఊపిరితిత్తుల్లో చిటపటలు తరచుగా చూసి టైంతో సహా రాయండి. తర్వాతి డోసు, సీరం (తేలు విషానికి విరుగుడు సూది) నిర్ణయం సీనియర్‌ది.

ఐవీ సూది దొరక్క చేతులు వణుకుతాయి.

చంటిబిడ్డకి పసుపు రంగు 24 గేజ్, మరీ చిన్నవాళ్ళకి ఊదా రంగు 26. ముందు ప్లాస్టర్ ముక్కలు, స్ప్లింట్ (చేయి కదలకుండా కట్టే పలక), ఫ్లష్ సిరంజి (గొట్టం కడగడానికి సెలైన్ నింపినది) సిద్ధంగా పెట్టుకోండి. దొరికిన సూది ప్లాస్టర్ కోసం వెతుకుతుండగా జారిపోవడం చాలా మామూలు. బిడ్డను దుప్పట్లో చుట్టి ఒక్క చేయే బయట ఉంచండి. చల్లటి చేయి అయితే వెచ్చచేయండి. సిర ఉబ్బడానికి పైన వేసే కట్టు గట్టిగా బిగిస్తే ధమని కూడా ఆగి సిర నిండదు. చర్మాన్ని బొటనవేలితో కిందికి లాగి, 10 నుంచి 15 డిగ్రీల వాలులో నెమ్మదిగా పొండి. రక్తం కనిపించగానే ఇంకో ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిపాకే ప్లాస్టిక్ గొట్టాన్ని తోయాలి. రెండుసార్లు దొరక్కపోతే ఇంకొకరికి ఇచ్చేయండి, అది ఓటమి కాదు. తల్లి పక్కన ఉండి పాలిస్తుంటే బిడ్డకి నొప్పి తగ్గుతుంది, ఆమెను బయటికి పంపకండి.

తప్పు డోసు ఇచ్చేశానని తెలిస్తే?

ముందు బిడ్డ దగ్గరికి వెళ్ళి చూడండి. వెంటనే సీనియర్‌కి, సిస్టర్‌కి చెప్పండి. ఎంత ఇచ్చారు, ఎప్పుడు, కిలోకి ఎంత పడింది అన్నది కేస్ షీట్‌లో రాయండి. పాత రాతను దిద్దకూడదు, ఒక గీత కొట్టి సంతకం, టైం పెట్టి కింద కొత్తగా రాయాలి. పారాసెటమాల్ ఒకేసారి కిలోకి 150 మి.గ్రా. దాటితే విరుగుడు గురించి ఆలోచించాలి, అది ఎనిమిది గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. దాచిపెట్టిన ప్రతి గంటా ఆ బిడ్డ చికిత్సలోంచి పోయినట్టే. తల్లికి చెప్పేటప్పుడు సీనియర్‌ని పక్కన ఉంచుకోండి.

తిరుమల యాత్రికుల పిల్లలను చూసేటప్పుడు తేడా ఏమైనా ఉందా?

ఉంది. వాళ్ళు రేపు మీ ఓపీకి రారు, రైల్లో ఉంటారు. ‘రెండు రోజుల తర్వాత రండి’ అనే సలహా వాళ్ళకి పనికిరాదు. ప్రయాణానికి సరిపడా ఓఆర్ఎస్ పొట్లాలు, మందులు ఇచ్చి, దారిలో ఏం కనిపిస్తే రైలు దిగి ఆసుపత్రికి పోవాలో చెప్పండి. చీటీ మీద బరువు, శ్వాస, మీరు అనుకున్న జబ్బు, ఇచ్చిన మందు విడమరిచి రాయండి, దాన్ని చదివేది వాళ్ళ ఊరి డాక్టరు. ఘాట్ రోడ్డులో వాంతి చేసుకున్న పిల్లలను కడుపు జబ్బు అనుకోకుండా, దిగాక ఎన్నిసార్లయ్యిందో అడగండి. ఫిట్స్, ఉబ్బసం, గుండెజబ్బు మందులు వాడే పిల్లలు క్యూలో డోసు మరిచిపోయి రావడం కూడా జరుగుతుంది, చివరి డోసు ఎప్పుడు వేశారో మొదటే కనుక్కోండి.

మందుల చీటీ మీద నేను సంతకం పెట్టవచ్చా?

ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ మీ ఇంటర్న్‌షిప్ ఆసుపత్రి లోపల, పర్యవేక్షణలో పనిచేయడానికే. యూనిట్ అనుమతించిన మేరకు పేరు, హోదా కనిపించేలా రాసి సంతకం చేయండి, డ్యూటీ డాక్టరు చూసినట్టు ఉండాలి. విషం, కాలిన గాయాలు, పాము కాటు లాంటి మెడికోలీగల్ కేసుల నమోదు, లైంగిక దాడి అనుమానం వచ్చిన కేసులు మీరొక్కరే తేల్చకండి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం అలాంటి అనుమానాన్ని తెలియజేయడం తప్పనిసరి, కాబట్టి వెంటనే డ్యూటీ డాక్టరుకి చెప్పండి. బిడ్డను పదేపదే ప్రశ్నించకండి, తల్లీబిడ్డలిద్దరినీ వేరే గదిలో కూర్చోబెట్టండి.